కాయిల్ కాలిన వాసన: ఇంట్లో ఆర్కేడ్ డబ్బా కట్టిన నా అనుభవం

నరసరావుపేటలో మా బాబాయికి మోటార్ రివైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు వస్తే మాడిన తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఎండబెట్టి ఇస్తాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే పగలంతా ఆ షాపు ముందు స్టూలు మీదే కూర్చునేవాణ్ణి. కాయిల్ కాలిన వాసన ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా 2023 వానాకాలంలో ఒక రాత్రి, హైదరాబాద్‌లో మా హాల్లో సరిగ్గా అదే వాసన వస్తుంటే, పక్కవాళ్ళ వంటింట్లో ఏదో మాడుతోందనుకుని ఇంకో నిమిషం ఆట ఆడుకున్నాను. మాడుతున్నది నా మోకాళ్ళకి జానెడు దూరంలో ఉంది.

బాబాయి షాపు నుంచి నాలుగు అంగలేస్తే ఒక వీడియో గేమ్ కొట్టు ఉండేది. రూపాయికి ఒక ఆట. అందరం ఎగబడేది 'ముస్తఫా' కోసం. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అనీ, జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చిందనీ నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. ఉన్న నలుగురిలో పసుపు టోపీవాడి పేరు ముస్తఫా. వాడి పేరే ఆటకి స్థిరపడిపోయింది. ఇంకో ఊరివాళ్ళని అడిగినా అదే పేరు చెప్తారు. ఎవరు పెట్టారో గానీ దేశమంతా పాకింది.

అలాంటి ఆర్కేడ్ డబ్బా, అంటే కొట్లో నిలబడి ఆడే ఆ ఆట యంత్రం, ఇంట్లో ఒకటి కట్టుకోవాలని కోరిక. చెక్కపని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, వార్డ్‌రోబ్‌లు చేసే ఒక మేస్త్రి, రెండు ఆదివారాలు. "ఇది బీరువానా, దేవుడి మందిరమా సార్?" అని ఆయన మూడుసార్లు అడిగాడు. లోపల ఆఫీసులో తీసిపారేసిన పాత ఐ3 కంప్యూటర్, అందులో లినక్స్, దాని మీద మేమ్. పాత ఆర్కేడ్ బోర్డులని కంప్యూటర్‌లో అనుకరించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, 1997 నుంచి వస్తోంది. (మేమ్ ఉచితమే గానీ అందులో ఆడే ఆటలకి కాపీరైట్ ఉంటుంది. ఆ సంగతి ఎవరికి వారు చూసుకోవాలి.) జాయ్‌స్టిక్కుకీ బటన్లకీ, ఏది నొక్కామో కంప్యూటర్‌కి చేరవేసే యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డు ఒకటి, చవకగా దొరికేది. ఒక నెలలో ఆట నడిచింది.

నడిచింది గానీ చప్పగా ఉంది. బటన్ల లోపల ఎల్ఈడీలు ఉన్నాయి, అవి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. పెళ్ళి పందిరిలో సీరియల్ సెట్ అయినా ఇంతకంటే నయం. ఆటలో ఏం జరుగుతోందో దానికి తగ్గట్టు వెలగాలి. దెబ్బ తగిలితే చేతికి తెలియాలి. అంటే కంప్యూటర్ బయటికొచ్చి లైటునీ కాయిల్‌నీ ముట్టుకోవాలి.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఈ పని మాకు ల్యాబులో చాలా తేలిగ్గా అయిపోయేది. ప్రింటర్ పోర్టులో 2 నుంచి 9 దాకా ఉన్న పిన్నులు ఎనిమిది డేటా లైన్లు. టర్బో సీలో (అప్పట్లో ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్) 378 హెక్స్ అడ్రస్‌కి ఒక అంకె రాస్తే ఎనిమిది ఎల్ఈడీలు మనం చెప్పినట్టు వెలిగేవి. విండోస్ ఎక్స్‌పీ వచ్చాక ప్రోగ్రాములు నేరుగా పోర్టు ముట్టుకోకుండా తలుపు వేసేశారు. ఆ తర్వాత పోర్టే మాయమైంది. అంతకుముందు ఇలాంటి డబ్బాలు కట్టినవాళ్ళు ఇంకో చిట్కా వాడేవాళ్ళు: కీబోర్డు మీద నమ్ లాక్, క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ లైట్లు మూడు ఉంటాయి కదా, ఆటలోని ల్యాంపులని మేమ్ వాటి మీద చూపించేది. కీబోర్డు విప్పి ఆ మూడు ఎల్ఈడీల దగ్గర తీగలు అతికించి బటన్లలోకి లాగేవాళ్ళు. నాకు భలే నచ్చిన చిట్కా, కాకపోతే మూడుతో సరి.

ఇప్పుడు ఈ పనికే చేసిన యూఎస్‌బీ బోర్డులు అమెరికాలో దొరుకుతాయి. ఎల్ఈడీ-విజ్ అనే దానికి 32 అవుట్‌పుట్లు, ఒక్కోటి 500 మిల్లీ ఆంపియర్లు మోస్తుంది. తెప్పించుకుంటే కస్టమ్స్‌తో కలిపి నా కంప్యూటర్ కంటే దాని ఖర్చే ఎక్కువయ్యేట్టుంది. అందుకని కోఠీ వెళ్ళాను.

కోఠీలో గుజరాతీ గల్లీ సంగతి హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి కొత్త కాదు. సన్న గల్లీ, రెండు పక్కలా అగ్గిపెట్టెల్లాంటి కొట్లు, చీటీ మీద పార్టు నంబర్లు రాసి ఇస్తే సొరుగులోంచి తీసి కాగితంలో పొట్లం కట్టిస్తారు. నేను తెచ్చింది: ఒక ఆర్డుయినో నానో నకలు (మనం రాసిన ప్రోగ్రామ్ నడిపే బుల్లి బోర్డు), రెండు యూఎల్ఎన్ 2803 చిప్పులు, 12 వోల్టులు 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్టులకి మార్చే డబ్బా, సీసీ కెమెరాలకి పెట్టేదే), డయోడ్లు, రెసిస్టర్లు, గాజు ఫ్యూజులు, వాటి హోల్డర్లు.

లైట్ల భాగం ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. యూఎల్ఎన్ 2803లో ఎనిమిది స్విచ్‌లు ఉన్నాయనుకోండి. నానో పిన్ను 5 వోల్టులు ఇస్తే, చిప్పు తన వైపు లైటు మైనస్ తీగని నేలకి కలుపుతుంది. లైటు ప్లస్ ఎప్పుడూ 12 వోల్టులకే ఉంటుంది. ఒక్క బటన్ ఎల్ఈడీ తాగేది 20 మిల్లీ ఆంపియర్లు, చిప్పులో ఒక్కో దారి 500 దాకా ఓర్చుకుంటుంది. చీమ మీద ఏనుగు కాపలా. ఒకటే మర్చిపోయాను, ఎస్ఎంపీఎస్ మైనస్‌నీ నానో గ్రౌండ్‌నీ కలపడం. అవి కలవకపోతే నానో చెప్పే 5 వోల్టులు ఎక్కడి నుంచి కొలవాలో చిప్పుకి తెలీదు. గంటసేపు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. తప్పు ఒక జానెడు నల్ల తీగలో ఉంది.

ఇక మేమ్ నుంచి కబురు తెచ్చుకోవాలి. చాలామందికి తెలియని సంగతేంటంటే, మేమ్ అనుకరించేది తెర మీది బొమ్మనీ శబ్దాన్నే కాదు. అసలు బోర్డు ఏ ల్యాంపుకి కరెంటు పంపాలనుకుందో అదీ లెక్క ఉంచుతుంది. అవుట్‌పుట్ సెట్టింగ్‌ని 'నెట్‌వర్క్' అని పెడితే 8000 నంబరు పోర్టులో (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కిటికీ లాంటిది) కూర్చుని, ఎవరు కనెక్ట్ అయితే వాళ్ళకి 'ఫలానా పేరు = ఫలానా విలువ' అని అక్షరాల్లో చెప్తూ ఉంటుంది. నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ముప్ఫై లైన్లు రాశాను. ఒక చెవి 8000 పోర్టుకి, ఒక చెయ్యి నానో సీరియల్ పోర్టుకి.

మొదట అటారీ వాళ్ళ ఆస్టరాయిడ్స్ పెట్టి చూశాను. 1979 నాటి ఆట. దాని అసలు డబ్బాలో స్టార్ట్ బటన్లకి లైట్లు ఉండేవి: ఒక ఆటకి సరిపడా డబ్బులు వేస్తే ఒకటి, ఇద్దరికి సరిపడా వేస్తే రెండూ మినుకుమినుకుమంటాయి. నేను కాయిన్ బటన్ నొక్కాను. నా ప్లైవుడ్ డబ్బా మీద బటన్ మినుకుమంది. నేను పుట్టకముందు కాలిఫోర్నియాలో ఎవరో రాసిన ప్రోగ్రామ్ మా హాల్లో ఎర్ర బటన్‌ని ఆర్పి వెలిగిస్తోంది. మా ఆవిడని పిలిచి చూపించాను. "వైరు లూజుగా ఉందేమో చూడండి" అంది.

సెగా వాళ్ళ అవుట్ రన్, 1986ది, అందులో బ్రేక్ ల్యాంపు కూడా ఉంది, అదీ వచ్చింది. ఇక ముస్తఫా పెట్టాను. ఏమీ లేదు. ఆ బోర్డుకి బటన్ల లైట్లే ఉండేవి కావు. మేమ్ లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఏ ఆట కోసం ఇదంతా మొదలుపెట్టానో అదే మూగ.

దీనికి దారి దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఈ భాగం అంటే నాకు ఇప్పటికీ ఇష్టం, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. ఆటగాడి ప్రాణం ఎంత మిగిలిందో ఆట ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కదా. ఆ చోటు బోర్డు మెమరీలో ఉంటుంది. మేమ్‌ని డీబగ్గర్‌తో, అంటే ఆట లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టుతో, తెరిస్తే, మోసాలు వెతుక్కునేవాళ్ళ కోసం చీట్‌ఇనిట్, చీట్‌నెక్స్ట్ అని రెండు కమాండ్లు ఉన్నాయి. మొదటిది మెమరీ మొత్తాన్ని ఫొటో తీసిపెట్టుకుంటుంది. తర్వాత ఆటలోకి వెళ్ళి ఒక దెబ్బ తిని వచ్చి, 'ఇందాకటికంటే తగ్గినవి ఏవి?' అని రెండో దాన్ని అడగాలి. వేలల్లో వస్తాయి. మళ్ళీ వెళ్ళి, దెబ్బ తినకుండా కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చి 'మారనివి ఏవి?' అని అడగాలి. వందల్లోకి దిగుతాయి. ఇలా దెబ్బ తినడం, అడగడం, తిరగడం, అడగడం. జీవితంలో మొదటిసారి ముస్తఫాని కావాలని కొట్టించాను, అదీ ఓ నలభై సార్లు. చివరికి రెండు అడ్రస్‌లు మిగిలాయి. ఒకటి తెర మీద గీత పొడవు, రెండోది అసలు ప్రాణం.

మేమ్ లోపల లూవా భాషలో చిన్న స్క్రిప్టు నడిపించొచ్చు. ప్రతి ఫ్రేముకీ, అంటే సెకనుకి దాదాపు 60 సార్లు, నా స్క్రిప్టు ఆ అడ్రస్ చదువుతుంది. ముందుకంటే తగ్గితే 'దెబ్బ' అనే పేరుతో మేమ్‌లోనే ఒక కొత్త అవుట్‌పుట్ పెడుతుంది. అది కూడా మిగతా ల్యాంపుల్లాగే 8000 పోర్టులోంచి బయటికొస్తుంది. పైథాన్‌కి తేడా తెలీదు. మూగ ఆటకి నోరొచ్చింది.

ఇప్పుడు ఆ నోటికి తగ్గ చెయ్యి కావాలి. అంటే సోలెనాయిడ్. తీగచుట్ట మధ్యలో ఒక ఇనప కడ్డీ, కరెంటిస్తే కడ్డీ లోపలికి దూసుకుపోతుంది, తీసేస్తే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. జాయ్‌స్టిక్కు పలక కింద బిగిస్తే, దెబ్బ తగిలినప్పుడల్లా కడ్డీ చెక్కని కొట్టి అరచేతులకి తెలుస్తుంది. పిన్‌బాల్ డబ్బాలని కంప్యూటర్‌తో చేసుకునేవాళ్ళు ఇందుకోసం పరిశ్రమల్లో వాడే కాంటాక్టర్లు (కాయిల్‌తో పడే పెద్ద స్విచ్‌లు) బిగిస్తారని చదివి, బాబాయికి ఫోన్ చేసి ఒక పాతది పంపమన్నాను. బస్సు పార్సిల్‌లో వచ్చింది. విప్పి చూస్తే దాని కాయిల్ 415 వోల్టులది, పొలం మోటారు స్టార్టర్‌లోంచి తీసింది. నాకు కావాల్సింది 12. ఇప్పుడది పుస్తకాలు పడిపోకుండా ఆనించడానికి పనికొస్తోంది.

మళ్ళీ కోఠీ. 12 వోల్టుల సోలెనాయిడ్ దొరికింది, బొటనవేలంత. మల్టీమీటర్‌తో చూస్తే 8 ఓములు. పన్నెండుని ఎనిమిదితో భాగిస్తే ఒకటిన్నర ఆంపియరు, అంటే 18 వాట్లు. నేను టంకం పెట్టే ఐరన్ 25 వాట్లు. ఆ లెక్క కాగితం మీద రాసుకుని కూడా నాకు బుర్రలో దీపం వెలగలేదు.

ఒకటిన్నర ఆంపియరు యూఎల్ఎన్ మొయ్యలేదు కాబట్టి మాస్‌ఫెట్ కావాలి, అంటే పెద్ద కరెంటుని తెరిచి మూసే ట్రాన్సిస్టర్. కొట్లో అడిగితే ఐఆర్ఎఫ్‌జెడ్ 44 ఎన్ ఇచ్చాడు. పెట్టాను. కడ్డీ నీరసంగా కదిలింది, మాస్‌ఫెట్ వేలు పెట్టలేనంత కాలింది. దానికి గేటు దగ్గర, అంటే తెరవమని చెప్పే కాలు దగ్గర, 10 వోల్టులిస్తే గానీ పూర్తిగా తెరుచుకోదు, నానో ఇచ్చేది 5. సగం తెరిచిన కుళాయిలా ఆ సగంలోనే వేడెక్కుతుంది. కావాల్సింది ఐఆర్ఎల్‌జెడ్ 44 ఎన్. మధ్యలో ఒక్క అక్షరం తేడా, ఎఫ్ బదులు ఎల్. మీరు చీటీ రాసేటప్పుడు ఆ ఎల్ కింద రెండు గీతలు పెట్టండి.

అది మార్చాక కడ్డీ ఠక్కున కొట్టింది. కొట్టిన ప్రతిసారీ జాయ్‌స్టిక్కు పనిచెయ్యడం మానేసింది. కంప్యూటర్ లాగ్ (జరిగినవన్నీ రాసిపెట్టుకునే చిట్టా) చూస్తే యూఎస్‌బీ ఎన్‌కోడర్ ఊడి మళ్ళీ తగులుకుంటోంది. కాయిల్‌లో పారే కరెంటుని ఒక్కసారిగా ఆపితే అది ఆగనంటుంది. పోవడానికి దారి లేక వోల్టేజి ఎగదన్నుతుంది, ఆ తన్ను పక్క తీగలన్నిటికీ తగులుతుంది. మందు తెలిసిందే, కాయిల్‌కి అడ్డంగా ఒక 1ఎన్ 4007 డయోడు (కరెంటుని ఒక వైపే పోనిచ్చేది), తెల్ల గీత ఉన్న వైపు ప్లస్‌కి. నేను తొందరలో తిరగేసి పెట్టాను. స్విచ్ వెయ్యగానే 2 ఆంపియర్ల ఫ్యూజు టప్‌మంది. తిప్పి పెట్టాను, అంతా కుదిరింది. మనసులో ఒక ధైర్యం కూడా వచ్చింది: ఏదైనా తేడా వస్తే ఫ్యూజు ఉంది కదా, చూసుకుంటుంది.

ఇక ఆ రాత్రి. రెండో లెవెల్ చివర్లో ఉన్నాను. ఉన్నట్టుండి ఠక్ ఠక్ ఆగిపోయింది. యూఎస్‌బీ మళ్ళీ ఊడిందేమో, ఈ లెవెల్ అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. తర్వాత వాసన. తర్వాత పలక సందులోంచి సన్నటి పొగ. ఎస్ఎంపీఎస్ ప్లగ్ పీకి, వెనక తలుపు తీసి, టార్చ్ వేస్తే సోలెనాయిడ్ మీది పసుపు టేపు గోధుమరంగులోకి తిరిగి ముడుచుకుపోయి ఉంది. ప్లైవుడ్ మీద రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ.

ఏం జరిగిందో తెల్లారి లాగ్ చూస్తే తెలిసింది. నా పైథాన్ నానోకి 'వెయ్యి' అని చెప్పి, 60 మిల్లీసెకన్లు ఆగి 'తియ్యి' అని చెప్పేది. సరిగ్గా ఆ రెంటి మధ్యలో మేమ్ పంపిన ఒక లైను రెండు ముక్కలుగా వచ్చింది. నెట్‌వర్క్‌లో అది మామూలే, లైను పూర్తయ్యేదాకా పోగుచేసుకుని చదవాలి. నేను అలా రాయలేదు. సగం లైనులో అంకె దొరక్క స్క్రిప్టు చచ్చిపోయింది. 'వెయ్యి' చేరింది, 'తియ్యి' చెప్పేవాడు లేడు. నానో పాపం చెప్పిన మాట మీదే నిలబడింది.

బాబాయికి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పి, "ఫ్యూజు ఎందుకు పోలేదు బాబాయ్?" అన్నాను.

"ఎన్ని ఆంపియర్లు లాగుద్ది అది?"

"ఒకటిన్నర."

"ఫ్యూజు?"

"రెండు."

"మరెందుకు పోద్దిరా? షార్టయితే ఫ్యూజుకి తెలుస్తది. సేపు ఎక్కువైందని దానికెట్టా తెలుస్తది? ఆ కాయిలు గబుక్కున కొట్టి వదిలెయ్యడానికి చేసింది, పట్టుకుని కూచోడానికి కాదు. లోపల సన్న తీగ, గాలాడదు. కాలక ఏం చేస్తది?"

నేను ఈసారి స్క్రిప్టు సరిగ్గా రాస్తానన్నాను. కాసేపు అవతల మాట లేదు. గ్రైండర్ చప్పుడు వినిపిస్తోంది.

"మన పొలం మోటారు స్టార్టర్ చూశావు గదా. పచ్చ బటన్ నొక్కితే పట్టుకుంటది. కరెంటు పోతే ఏమైద్ది?"

"పడిపోద్ది."

"మళ్ళీ కరెంటొస్తే?"

"మనమెళ్ళి నొక్కాలి."

"ఆఁ. దాన్నెవరూ ఆపక్కర్లా. పట్టుకునుండడానికే కరెంటు కావాలి, పడిపోవడానికి ఎవడి సాయమూ అక్కర్లా. నీదాంట్లో పడిపోవడానికి ఒకడు వచ్చి చెప్పాలంటున్నావు. వాడు చస్తే?"

(రాత్రి కరెంటుకి లేచి వెళ్ళలేక దానికి ఆటో స్టార్టర్లు బిగించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మోటార్లే బాబాయికి ఎక్కువ వస్తాయి. అది వేరే కథ.)

ఆ ఫోన్ తర్వాత మొత్తం మళ్ళీ చేశాను. కంప్యూటర్‌కి 'వెయ్యి', 'తియ్యి' అనే మాటలే లేకుండా చేశాను. కాయిల్ విషయంలో అది అనగలిగేది ఒక్కటే: 'కొట్టు'. ఎంతసేపు కొట్టాలో నానో చూసుకుంటుంది, 60 మిల్లీసెకన్లు. ఆ తర్వాత 250 మిల్లీసెకన్ల దాకా ఇంకెన్ని 'కొట్టు'లు వచ్చినా విననట్టు ఊరుకుంటుంది. లైట్లకి స్టార్టర్ పద్ధతి: కంప్యూటర్ అర సెకనుకోసారి 'ఉన్నాను' అని ఒక అక్షరం పంపుతూ ఉండాలి, సెకను పాటు రాకపోతే అన్నీ ఆరిపోతాయి.

మరి నానోయే బిగుసుకుపోతే? దానికి వాచ్‌డాగ్ ఉంది, ప్రోగ్రామ్ కదలకపోతే చిప్పుని రీసెట్ చేస్తుంది. అది ఆన్ చేశాను, నానో పిచ్చిపట్టినట్టు దీపం కొట్టుకుంటూ రీసెట్ మీద రీసెట్ అవుతూ చేతికి రాకుండా పోయింది. నకలు నానోల్లో వచ్చే పాత బూట్‌లోడర్‌కి, అంటే ఆన్ అవ్వగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్‌కి, ఈ జబ్బు ఉందట: వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత అది వాచ్‌డాగ్‌ని ఆపకుండా కూర్చుంటుంది, మళ్ళీ కరిపించుకుంటుంది. ఇంకో ఆర్డుయినోని తగిలించి ఆప్టిబూట్ అనే కొత్త బూట్‌లోడర్ ఎక్కిస్తే కుదిరింది. ఒక ఆదివారం పోయింది.

ఇంకొకటి కూడా అప్పుడే కనిపెట్టాను. పైథాన్ సీరియల్ పోర్టు తెరిచిన ప్రతిసారీ నానో రీసెట్ అవుతుంది. ఆ ఒకటి రెండు సెకన్లు దాని పిన్నులు అటూ కావు ఇటూ కావు, గాల్లో ఉంటాయి. గేటు గాల్లో ఉంటే మాస్‌ఫెట్ తన ఇష్టం వచ్చినంత తెరుచుకుంటుంది. డబ్బా ఆన్ చేసినప్పుడు కాయిల్ ఒకోసారి జుయ్‌మనేది, నేను దాన్ని స్వాగతం అనుకునేవాణ్ణి. గేటు నుంచి గ్రౌండ్‌కి ఒక 10 కిలో ఓముల రెసిస్టర్ పెడితే నోరు మూసింది.

అయినా బాబాయి మాట వదల్లేదు, వాడు చస్తే? పిన్నే షార్టై 5 వోల్టుల మీద ఉండిపోతే? అందుకని నానో పిన్నుకీ గేటుకీ మధ్య నేరు తీగ తీసేసి ఒక 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాను, ప్లస్ పిన్ను వైపు. కెపాసిటర్ మార్పుని మాత్రమే దాటనిస్తుంది. పిన్ను పైకి లేచినప్పుడు గేటుకి 5 వోల్టులు తగులుతాయి, అక్కణ్ణుంచి ఆ 10 కిలో ఓముల గుండా కారిపోతూ సెకనులో పదోవంతు అయ్యేసరికి రెండు వోల్టుల కిందికి దిగుతుంది, ఇంకాసేపటికి మాస్‌ఫెట్ మూసుకుంటుంది. పిన్ను ఆ తర్వాత ఏడాది పాటు పైనే ఉన్నా సరే, కాయిల్‌కి చుక్క కరెంటు వెళ్ళదు. ఈ మొత్తం కథలో నాకు గర్వంగా ఉన్నది ఆ అయిదు రూపాయల పార్టు ఒక్కటే. అందులో ప్రోగ్రామ్ లేదు.

ఎస్ఎంపీఎస్ 230 వోల్టుల స్క్రూల మీద ప్లాస్టిక్ మూత, డబ్బా లోపలి ఇనప పట్టీలకి ఎర్త్, ఇవి కూడా అప్పుడే చేశాను. ముందే చెయ్యాల్సినవి. పిల్లలున్న ఇల్లు.

మొన్న సంక్రాంతి తర్వాత ఉప్పల్లో ఒక పెళ్ళికి బాబాయి వచ్చాడు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని "ఏదిరా నీ మోటారు?" అన్నాడు. ముందు వైపు చూడనే లేదు, వెనక తలుపు తియ్యమన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని తీగలన్నీ చూశాడు. "ఇదేంది?" అని కెపాసిటర్ చూపించాడు, చెప్పాను. చెప్పడం కాదు, చూపించమన్నాడు. నానో పిన్ను తీగ పీకి నేరుగా 5 వోల్టులకి పెట్టాను. ఒకే ఒక్క ఠక్. బాబాయి కాయిల్ మీద బొటనవేలు ఆనించి, గడియారం చూస్తూ రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాడు. వేలు తీసి లుంగీకి తుడుచుకున్నాడు. తర్వాత నేను ఆపేలోగా కంప్యూటర్ యూఎస్‌బీ వైరు పీకేశాడు. బటన్లన్నీ వెంటనే ఆరిపోయాయి. తల ఊపాడు.

"సరే, ఆట పెట్టు."

తీగలన్నీ మళ్ళీ పెట్టి, స్టూలు వేసి కూర్చోబెట్టి, ఏ బటన్ ఏం చేస్తుందో చెప్పాను. ముస్తఫా నాలుగడుగులు నడిచాడో లేదో ఒకడొచ్చి గుద్దాడు. పలక ఠక్కుమంది. బాబాయి రెండు చేతులూ గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"షాక్ కొడుతోందిరా!"

"షాక్ కాదు బాబాయ్, అదే కాయిల్."

నమ్మలేదు. జేబులోంచి టెస్టర్ తీసి జాయ్‌స్టిక్కు బోల్టుకి ఆనించాడు, వెనక చివర వేలు పెట్టి చెయ్యి అడ్డం పెట్టుకుని నీడలో చూశాడు. వెలగలేదు. ఇంకో బోల్టుకి పెట్టాడు. అదీ వెలగలేదు. ఈలోగా తెర మీద ముస్తఫా మూడు దెబ్బలు తిన్నాడు, పలక మూడుసార్లు ఠక్కుమంది. టెస్టర్ జేబులో పెట్టుకుని, చేతులు మళ్ళీ బటన్ల మీద పెట్టాడు.